పాత కాగితం తిరిగి వచ్చింది, మరి అందులోని సున్నం ఏమైంది?



ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన మూడు దశాబ్దాలలో గర్భిణులకు, బాలింతలకు, ఎముకలు గుల్లబారిన వృద్ధులకు నేను కాల్షియం మాత్రలు రాసిన చీటీలకు లెక్క లేదు. ఆ మాత్రలలో చాలావాటిలో ఉండేది కాల్షియం కార్బొనేట్, అంటే శుద్ధి చేసిన సుద్ద. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పల్లెలకు చేరకముందు విరేచనాలకు మా తరం వైద్యులు కెయోలిన్ కలిపిన మందు ఇచ్చేవారు. కెయోలిన్ అంటే మెత్తని తెల్ల బంకమన్ను; పింగాణీ పాత్రలు చేసేది దానితోనే. ఇక మాత్రల పైపూతకు తెల్లదనం ఇవ్వడానికి వాడేది టైటానియం డయాక్సైడ్.

నేటి వ్యాసం ఈ మూడు ఖనిజాల గురించే, కానీ మందుల గురించి కాదు. మీ ఇంట్లో బల్లమీద ఉన్న నిగనిగలాడే వారపత్రికను, శుభలేఖను ఒకసారి చేతిలోకి తీసుకోండి. ఆ నునుపు, ఆ తెల్లదనం, అంత బరువు చెట్టు నారవి కావు. పూత పూసిన పత్రికా కాగితం బరువులో దాదాపు మూడో వంతు, కొన్నిటిలో అంతకంటే ఎక్కువ, ఖనిజమే. అందులో ప్రధానమైనవి సుద్ద, తెల్ల బంకమన్ను. కొన్ని రకాలలో టైటానియం డయాక్సైడ్ కూడా చేరుతుంది. పూత లేని రాత కాగితంలో సైతం నార సందులు నింపడానికి ఖనిజాన్ని కలుపుతారు. మనం చదివేది సగం చెట్టుమీద, సగం రాతిమీద అంటే పెద్ద అతిశయోక్తి కాదు.

ఆ కాగితాన్ని పాత పేపర్లవాడికి తూకానికి వేస్తాము. అది మిల్లుకు చేరుతుంది. దానిలోని నార మళ్ళీ కాగితమవుతుంది. ఖనిజంలో అధిక భాగం బురదగా బయటకు పోతుంది. ఇంతటి భాగాన్ని పారేసి, మిగిలినదానిపై ఆకుపచ్చ ఆకు బొమ్మ ముద్రించి దాన్ని ‘పునర్వినియోగం’ అనడాన్నే నేను తప్పుపడుతున్నాను. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇటువంటి వాటిని చూసే పుట్టి ఉంటుంది.

మిల్లులో ఏం జరుగుతుంది?

పాత కాగితాన్ని ముందు పెద్ద తొట్టెలో నీళ్ళు పోసి గిలక్కొట్టి గుజ్జు చేస్తారు. పిన్నులు, ప్లాస్టిక్ పీలికలు, బంకలు జల్లెడలలో ఆగిపోతాయి. ఆ తరువాత సిరా తొలగించే పని. గుజ్జులో సబ్బువంటి పదార్థం కలిపి అడుగునుంచి గాలి బుడగలు పంపుతారు. సిరాకు నీరంటే విముఖత. అది బుడగలకు అంటుకుని నురగతోపాటు పైకి తేలుతుంది. ఆ నురగను పక్కకు తోడేస్తారు. అయితే ఆ నురగ సిరాను మాత్రమే మోసుకుపోదు. సుద్ద, బంకమన్ను, విరిగి పొట్టివైపోయిన నార ముక్కలు కూడా దాని వెంట పోతాయి. చేతులు తుడుచుకునే టిష్యూ కాగితం చేసే మిల్లులైతే మెత్తదనం కోసం ఖనిజాన్ని వీలైనంతా కడిగి పారేయవలసిందే.

ఇలా వెళ్ళిపోయేది చిన్న మొత్తం కాదు. న్యూస్‌ప్రింట్ చేసే మిల్లులో 1 టన్ను కాగితానికి ఎండు బరువులో సుమారు 150 నుంచి 250 కిలోల దాకా ఇటువంటి వ్యర్థం వస్తుంది. టిష్యూ మిల్లులో అది అంతకు రెట్టింపు కూడా కావచ్చు. మిల్లువారు దాన్ని స్లడ్జ్ అంటారు. నీళ్ళు పిండిన తరువాత కూడా సగం నీరే ఉండే బూడిదరంగు ముద్ద అది. పూర్తిగా ఆరబెట్టి చూస్తే అందులో ఇంచుమించు సగం ఖనిజమే ఉంటుంది.

ఇక్కడొక విషయం గమనించాలి. నార ప్రతి పునర్వినియోగంలోనూ విరిగి పొట్టిదవుతుంది. ఐదారు సార్లు తిరిగి వచ్చాక అది కాగితానికి పనికిరాదు. అంటే నారకు ముసలితనం ఉంది. రాతికి ముసలితనం లేదు. సుద్ద ఎన్నిసార్లు తిరిగినా సుద్దే. ముసలిదయ్యే దానిని జాగ్రత్తగా దాచుకుని, ఎన్నటికీ ముసలిది కానిదానిని గోతిలో పోస్తున్నాము. ఇదెక్కడి లెక్క?

నేను చెప్పిన ఒక తప్పుడు జవాబు

ఈ విషయంపై నేను ఎందుకింత పట్టుదలగా రాస్తున్నానో చెప్పాలి. 1980ల చివరలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో చిత్తు కాగితాలతో కాగితం చేసే చిన్న మిల్లు ఒకటి ఉండేది. ఊరి పేరూ మిల్లు పేరూ ఇప్పుడు అప్రస్తుతం. మిల్లునుంచి బూడిదరంగు మట్టిని ట్రాక్టర్లలో తెచ్చి చెరువుగట్టు పల్లంలో పోసేవారు. ఎండాకాలం అది పిగిలి, గాలికి లేచి, బట్టలమీద తెల్లగా పడేది. వానాకాలం చెరువులోకి జారేది. పిల్లలు దానితో బొమ్మలు చేసేవారు. ఇటుకల బట్టీవాళ్ళు కొంత, అట్టలు చేసేవాళ్ళు కొంత తోలుకుపోయేవారు.

ఒకనాడు ఓపీలో ఒక పెద్దవయసు రైతు తన వంతు వచ్చేదాకా ఆగి, కండువా మూటలోంచి ఆ మట్టి గడ్డ ఒకటి తీసి బల్లమీద పెట్టాడు.

“డాక్టరు గారూ, మిల్లోళ్ళు ఊరికే ఇస్తామంటున్నారండీ. సున్నం ఉందంట. చేలో తోలుకోవచ్చంటారా?”

బయట ఇంకా ఎనభైమంది రోగులున్నారు. నేను ఆ గడ్డను వేలితో నలిపి, “సున్నమే కదా, పరవాలేదు లెండి” అన్నాను. ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ జవాబు చెప్పే హక్కు నాకు లేదు. ఆ గడ్డలో సున్నంతోపాటు ఇంకేముందో నాకు తెలియదు. మిల్లువారికీ తెలియదు. పరీక్ష చేసినవారు ఎవరూ లేరు. ఆ పొలానికి ఏమైనా హాని జరిగిందని నేను చెప్పడం లేదు. జరగలేదని కూడా చెప్పలేను. రక్తపరీక్ష లేకుండా మధుమేహానికి మందు రాయని వైద్యుడు, ఒక ఊరి నేలకు ఏ పరీక్షా లేకుండా మందు రాశాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ మాట నన్ను వదలలేదు.

సావాస దోషం

సుద్ద మంచిదే. బంకమన్ను మంచిదే. కానీ మిల్లు బురదలో అవి ఒంటరిగా ఉండవు. సిరాలోని రంగులు, బంకలు, నూనెలు వాటికి తోడుంటాయి. నేటి ముద్రణ సిరాలలో నీలిరంగు సాధారణంగా రాగి కలిసిన పదార్థం. పాతకాలపు పసుపు సిరాలలో సీసం, క్రోమియం ఉండేవి. ఏటీఎంలోనూ దుకాణంలోనూ ఇచ్చే నున్నని రశీదు కాగితంలో బిస్ఫినాల్-ఏ అనే రసాయనం ఉండవచ్చు. హార్మోనుల పనిలో జోక్యం చేసుకునే ఈ పదార్థాన్ని రశీదు కాగితంలో దాదాపు నిషేధించే నిబంధన ఐరోపా సమాఖ్యలో 2020 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. ఆ రశీదులు చిత్తు కాగితాలలో కలిస్తే బిస్ఫినాల్ కొత్త కాగితంలోకి కొంత, బురదలోకి కొంత చేరుతుంది.

ఇదంతా వైద్యుల భయమని కొట్టిపారేసేవారికి అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ప్రవహించే ఫాక్స్ నది కథ చెప్పాలి. కాగితపు మిల్లులకు పేరుపొందిన లోయ అది. మధ్యలో కార్బన్ పెట్టకుండానే నకలు పడే బిల్లుపుస్తకాల కాగితం మీరు చూసే ఉంటారు. ఆ కార్బన్‌లెస్ కాగితంలో కంటికి కనబడనంత చిన్న గుళికలుంటాయి. 1954 నుంచి 1971 దాకా ఆ గుళికలలోని రంగును పీసీబీలు అనే నూనెలలో కరిగించి వాడారు. ఆ కాగితం తయారీలో మిగిలిన ముక్కలను, వాడి పారేసిన కాగితాలను అక్కడి మిల్లులు పునర్వినియోగానికి తీసుకున్నాయి. నారను దాచుకుని, కడిగిన నీటిని నదిలోకి వదిలాయి. పీసీబీలు నది అడుగు మట్టిలో పేరుకున్నాయి. మట్టినుంచి పురుగులకు, పురుగులనుంచి చేపలకు, చేపలనుంచి మనుషులకు చేరాయి.

పీసీబీలు కొవ్వులో దాగి ఏళ్ళ తరబడి శరీరాన్ని వదలవు. 1968లో జపాన్‌లో తవుడు నూనెలో ఇవి కలిసినప్పుడు ఒంటినిండా నల్లని మొటిమలతో, నరాల బాధలతో జనం ఆసుపత్రుల పాలయ్యారు. తల్లుల గర్భంలోని శిశువులు కూడా తప్పించుకోలేదు. ఆ వ్యాధికి యూషో అని పేరు. 2013లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పీసీబీలను మనుషులకు క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. ఫాక్స్ నది చేపలు తినడంపై 1970లలోనే హెచ్చరికలు జారీ అయ్యాయి. నది అడుగును తవ్వి తీసే పని 2004లో మొదలై 2020దాకా సాగింది. ఖర్చు 100 కోట్ల డాలర్లు దాటింది.

అక్కడ ఎవరూ దుర్మార్గం చేయాలనుకోలేదు. అందరూ కాగితాన్ని పునర్వినియోగం చేస్తున్నామనే అనుకున్నారు. వ్యర్థంలో ఏముందో అడగలేదు, అంతే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? వారు కాలు కడుక్కోవడానికి పదహారేళ్ళు పట్టింది.

తిరిగి తీసుకోవచ్చా? తీసుకోవచ్చు

ఇంతదాకా చదివి “అయితే పాత కాగితాన్ని వాడవద్దంటారా?” అని అడిగేవారుంటారు. ముమ్మాటికీ కాదు. నారను తిరిగి వాడితే చెట్టు మిగులుతుంది, నీరు మిగులుతుంది. నేను అడుగుతున్నది పని ఆపమని కాదు, పూర్తి చేయమని.

పూర్తి చేసే విద్య కాగితపు పరిశ్రమకు కొత్తదేమీ కాదు. కలపనుంచి గుజ్జు తీసే క్రాఫ్ట్ పద్ధతిలో సున్నం ఒక ముఖ్యమైన పనిముట్టు. కలపను ఉడికించిన మందును మళ్ళీ పదును పెట్టడానికి సున్నం కలుపుతారు. ఆ పనిలో సున్నం సుద్దగా మారి అడుగున పేరుకుంటుంది. ప్రపంచంలోని పెద్ద మిల్లులు చాలా కాలంగా ఆ సుద్ద బురదను పారేయకుండా పొడవాటి గొట్టపు బట్టీలో కాల్చి మళ్ళీ సున్నం చేసుకుంటున్నాయి. మనవద్ద రాజమండ్రి, కాగజ్‌నగర్, సారపాకలలో ఉన్న పెద్ద మిల్లులు ప్రధానంగా కలప గుజ్జుపై ఆధారపడినవే గనుక ఈ విద్య పేరు తెలియని ఇంజనీరు మన తెలుగునాట ఉండడు. సొంత అవసరానికి సున్నం కావలసి వచ్చినప్పుడు బురదలో సున్నం కనబడింది. పాత కాగితపు బురద దగ్గరకు వచ్చేసరికి అదే కంటికి చెత్త కనబడుతోంది. తేడా రసాయన శాస్త్రంలో లేదు.

పాత కాగితపు బురదలోని సుద్దను కూడా కాల్చి సున్నం చేయవచ్చు. ఆ సున్నాన్ని నీటిలో కలిపి, బట్టీ పొగలోని బొగ్గుపులుసు వాయువును దానిలోకి పంపితే తెల్లని సుద్దగా పేరుకుంటుంది. చిన్నప్పుడు బడిలో సున్నపు తేటలోకి గొట్టంతో ఊది అది పాలలా తెల్లబడటం చూసినవారికి ఈ ప్రక్రియ కొత్త కాదు. కాగితంలోకి పోయే సుద్దలో కొంత భాగాన్ని ఇప్పటికే మిల్లుల పక్కన ఈ పద్ధతిలోనే తయారుచేస్తున్నారు. పైగా కాల్చినప్పుడు సుద్దలోంచి విడుదలయ్యే వాయువును మళ్ళీ సుద్దలోకే లాగుకున్నట్లవుతుంది.

బంకమన్నుది మరొక దారి. సుమారు 700, 800 డిగ్రీల సెల్సియస్ మధ్య హద్దు తప్పకుండా కాల్చితే కెయోలిన్‌లోని నీరు పోయి, అది మెటాకెయోలిన్ అనే చురుకైన పదార్థమవుతుంది. దాన్ని సిమెంటులో కలిపితే సున్నంతో కలిసి గట్టిపడుతుంది. నెదర్లాండ్స్‌లోని డ్యూవెన్ పట్టణంలో కాగితపు బురదను ఈ విధంగా కాల్చి సిమెంటుకు పనికివచ్చే పొడిగా మార్చే కర్మాగారం నడిపారు. బురదలోని నార ముక్కలే ఇంధనంలో భాగమయ్యాయి. ఇందాక చెప్పిన ఫాక్స్ లోయలోనే, నీనా పట్టణంలో, 1990ల చివరలో కాగితపు బురదను అత్యధిక వేడిలో కరిగించి గాజు రవ్వగా మార్చి నిర్మాణాలకు అమ్మిన కర్మాగారం వెలిసింది. బురదవల్ల దెబ్బతిన్న లోయే బురదకు విలువ కట్టడం నేర్చుకుంది.

మూడు అభ్యంతరాలు

మొదటిది ఖర్చు. “పల్నాడులో, నంద్యాలలో, కడపలో, నల్గొండలో సున్నపురాయి కొండలున్నాయి; పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకే పేరు; ద్వారకా తిరుమల పరిసరాలలో తెల్ల బంకమన్ను దొరుకుతుంది. ఇంత చవకగా దొరికే దానికోసం బురద పిసకడం ఎందుకు?” అంటారు. ఈ లెక్కలో రెండు అంకెలు దాచారు. ఒకటి, బురదను పారేయడానికి అయ్యే అసలు ఖర్చు. ఆ ఖర్చు మిల్లు ఖాతాలో పడదు. చెరువుగట్టు ఊరి ఖాతాలో పడుతుంది. ఎద్దు పుండు కాకికి ముద్దా? రెండు, క్వారీ ఖర్చు. రాయి పగలగొట్టేవారి, మట్టి తవ్వేవారి ఊపిరితిత్తులలోకి పోయే దుమ్ము ఏం చేస్తుందో ఎక్స్‌రే ఫిల్ములను వెలుతురుకు పెట్టి చూసినవాడిని నేను. క్వార్ట్జ్ కలిసిన దుమ్ము సిలికోసిస్ తెస్తుంది. ఏళ్ళతరబడి పీల్చితే కెయోలిన్ దుమ్ము సైతం ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. వీటిని నయం చేసే మందు ఈనాటికీ లేదు. ఒకసారి తవ్వి, నూరి, శుద్ధి చేసి తెచ్చిన ఖనిజాన్ని గోతిలో పోసి, దానికోసమే మళ్ళీ మరొకడిని గోతిలోకి దింపడం చవక ఎలా అవుతుంది? ఐరోపాలో ఈ సాంకేతికత పుణ్యబుద్ధితో పుట్టలేదు. బ్రిటన్‌లో 1996లో చెత్త పూడ్చడంపై పన్ను వచ్చింది, ఐరోపా సమాఖ్యలో 1999లో పూడ్చడంపై కట్టుదిట్టమైన చట్టం వచ్చింది. పారేయడం ఖరీదైనప్పుడే వాడుకోవడం చవకైంది.

రెండవది కాలుష్యం. “కాల్చితే పొగ రాదా?” అని అడిగేవారి భయం న్యాయమైనది. క్లోరిన్ ఉన్న చెత్తను అరకొర వేడిలో కాల్చితే డయాక్సిన్లు పుడతాయి. అందుకే వాయువులను కనీసం 850 డిగ్రీల వద్ద 2 సెకన్లు నిలపాలని ఐరోపా నిబంధన. ఆ తరువాత పొగను వడపోయాలి, బూడిదను పరీక్షించాలి. కాబట్టి నేను బురదను ఇటుకల బట్టీలో వేయమనడం లేదు. అలా వేయడాన్నే వ్యతిరేకిస్తున్నాను. పొగ గొట్టానికి కొలత లేని చోట, వేడికి అదుపు లేని చోట జరిగే దహనం పునర్వినియోగం కాదు, చెత్తను నేలమీదనుంచి గాలిలోకి మార్చడం. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కాల్చిన బూడిదలో ఘాటైన సున్నం ఉంటుంది. తమలపాకు సున్నం పొట్లం పగిలి కంట్లో పడి చూపు పోగొట్టుకున్న పసివాడిని చూసిన వైద్యులకు ఆ ఘాటు ఏమిటో తెలుసు. కార్మికులకు కళ్ళద్దాలు, ముక్కుకు సరైన మాస్కు, దుమ్ము లేవని యంత్రాలు ఇవ్వలేనివారు ఈ పరిశ్రమ పెట్టకూడదు.

మూడవది నాణ్యత. “తిరిగి వచ్చిన ఖనిజం బూడిదరంగుగా ఉంటుంది, కాగితానికి పనికిరాదు” అంటారు. ఇది కొంతవరకు నిజం. సిరాలోని మసి పూర్తిగా కాలకపోతే తెల్లదనం రాదు. తెల్లదనం కోసం మరీ కాల్చితే ఖనిజం గట్టిపడి కాగితపు యంత్రాలను అరగదీస్తుంది. కానీ సిమెంటు తెల్లగా ఉండాలని ఎవరు అడిగారు? ఇటుక తెల్లగా ఉండాలా? పెళ్ళికి పనికిరాని పట్టుచీర ఇంట్లో కట్టుకోవడానికి పనికిరాదా? మొదటి వాడుకకే తిరిగి రావాలన్న పట్టింపుతో రెండవ వాడుకను కాలదన్నడం తెలివి అనిపించుకోదు.

చట్టం ఉంది, ప్రశ్న లేదు

మన దేశంలో చట్టం లేదని కాదు. 2016నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూలులో కాగితపు పరిశ్రమకు ప్రత్యేకమైన స్థానం ఉంది. క్లోరిన్ కలిసిన సేంద్రియ పదార్థాలున్న బురదను అందులో ప్రమాదకర వ్యర్థంగా చేర్చారు. అవే నిబంధనలలో వ్యర్థాన్ని అనుమతితో వనరుగా వాడుకునే వీలును 9వ నిబంధన కల్పించింది. అంటే పారేయడానికి పగ్గం ఉంది, వాడుకోవడానికి దారి ఉంది. లేనిది మనం అడిగే ప్రశ్న. ఇప్పటికీ అనేక చోట్ల ఈ బురద అట్టలలోకి, గుడ్ల ట్రేలలోకి పోతోంది. అలా పోవడం నేరమని నేను అనను. అందులో ఏముందో కొలిచి చూపకుండా పోవడం తప్పంటాను.

అందువల్ల నేను కోరేవి నాలుగు. ఒకటి, ఏ మిల్లు ఎంత బురద పుట్టించింది, అది ఎక్కడికి పోయింది అన్న లెక్కను ఆ మిల్లు గేటు దగ్గరే తెలుగులో రాసి పెట్టాలి. రెండు, బురద ఏ రూపంలో బయటకు పోయినా భారలోహాలకు, క్లోరిన్ సమ్మేళనాలకు చేసిన పరీక్ష కాగితం దానితోపాటు పోవాలి. మూడు, పరీక్ష లేని బురద ఒక్క తట్ట కూడా పంటపొలంలో, చెరువుగట్టున పడకూడదు. నాలుగు, చిన్న మిల్లులు ఒక్కొక్కటిగా పెట్టుకోలేని ఖనిజ సేకరణ కర్మాగారాన్ని కొన్ని కలిసి పెట్టుకునేలా ప్రభుత్వం పూనుకోవాలి. పారిశ్రామికవాడలలో మురుగునీటి శుద్ధికి ఉమ్మడి కేంద్రాలు పెట్టుకున్నవాళ్ళం, బురదకు పెట్టుకోలేమా?

మన వంతు

మిల్లును తిట్టి మనం చేతులు దులుపుకోవడం కూడా న్యాయం కాదు. బురద శుభ్రత మన ఇంటి గడప దగ్గరే మొదలవుతుంది. నున్నని రశీదులను చిత్తు కాగితాలలో కలపకండి. నూనె అంటిన కాగితాన్ని, ప్లాస్టిక్ పొర అంటించిన అట్టను వేరు చేయండి. శుభలేఖకు ఎంత మెరుపు పూత, ఎంత బంగారు రేకు పెడితే అంత బురద పుడుతుందని గుర్తుంచుకోండి. బజ్జీలను, పుణుకులను వార్తాపత్రికలో చుట్టి ఇస్తే తీసుకోకండి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో ఒకసారి, 2023లో మరొకసారి ఈ హెచ్చరిక చేసింది. సిరా మన కడుపులోకి పోయినా ప్రమాదమే, ఊరి చెరువులోకి పోయినా ప్రమాదమే.

ఆ రైతు ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు. ఉండి, మళ్ళీ ఆ గడ్డను నా బల్లమీద పెడితే ఇలా చెబుతాను: “పెద్దయ్యా, ఇందులో సున్నం ఉంది, మంచి మన్ను ఉంది. ఇంకా ఏమేమి ఉన్నాయో మిల్లువారు కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చేదాకా మీ చేలో వెయ్యకండి. ఇది నిజంగా అంత మంచిదైతే ఊరికే ఎందుకిస్తున్నారో కూడా అడగండి.”

ఈ జవాబు ఆనాడే చెప్పి ఉండవలసింది. నేను చెప్పలేకపోయాను. మీ ఊరి దగ్గర అటువంటి మిల్లు ఉంటే, ఈ ప్రశ్న మీరు అడగండి.